లోన్ ఇద్దరి మీద, పాలసీ ఒకరి మీద

బ్యాంకబ్బాయి సాయంత్రం వాట్సాప్‌లో పంపిన లెక్క చూసినప్పట్నుంచి ఒకటే చిరాకు. మేం అడిగినదానికన్నా లోన్ ఎక్కువుంది, ఏంటా అని చూస్తే హోమ్ లోన్ ప్రొటెక్షన్ అట, లోన్ తీసుకున్న మనిషి పోతే మిగిలిన బాకీ తీర్చే ఇన్సూరెన్స్, 20 ఏళ్ల ప్రీమియం ఒకేసారి లెక్కగట్టి లోన్‌లో కలిపేశారు. అంటే ఆ ప్రీమియానికి కూడా మేం వడ్డీ కట్టాలి. ఫోన్ చేస్తే "కంపల్సరీ మేడమ్, అందరూ తీసుకుంటారు" అంటాడు. అందరూ తీసుకోడం వేరు, కంపల్సరీ వేరు. లోనిచ్చిన బ్యాంకు చూపించిన పాలసీయే కొనాలని రూలేం లేదు. కంపల్సరీ అన్న ముక్క మెయిల్‌లో రాసి పంపమన్నాను, ఇంతవరకూ రాలేదు.

ఈయనేమో "పోనిద్దూ, తాళాలు చేతికొస్తున్నాయిగా" అంటారు. వస్తున్నాయి, సంతోషమే. చెన్నై పెరుంబాక్కంలో మూడో అంతస్తు ఫ్లాట్, వంటింట్లోకి గాలి బాగా వస్తుంది, అత్తయ్యకి దేవుడి గూడు నచ్చింది.

మూడో అంతస్తే కదా, సామాన్లకి ఇన్సూరెన్స్ దండగ అని నిన్నటిదాకా నేనే అన్నాను. కానీ ఇవాళ సామాన్ల లిస్టు రాద్దామని కూర్చుంటే 2015 గుర్తొచ్చింది. అప్పుడు సైదాపేటలో కింది వాటా మాది, అద్దెకి. డిసెంబర్ 1 రాత్రి అడయారు నది పొంగి వీధిలోకొచ్చింది, చెంబరంబాక్కం చెరువు నీళ్లు వదిలారని ఎవరో అరుస్తున్నారు, కరెంటు లేదు, పిల్లని ఎత్తుకుని పైన ఓనర్ గారింటికి పరిగెత్తాం. మెట్ల మీంచి టార్చి వేస్తే మా ఫ్రిజ్ వెల్లకిలా తేలుతోంది. మర్నాడు హిందూ పేపర్ కూడా రాలేదు, పనివాళ్లు ప్రెస్‌కి చేరలేకపోయారట. నీళ్లు తీశాక ఓనర్ గారు గోడలకి సున్నం కొట్టించుకున్నారు. మా పరుపులు, వాషింగ్ మెషిన్, బీరువా అడుగు అరలో అమ్మ పెట్టిన పట్టుచీరలు, ఈయన సర్టిఫికెట్లు, వాటికెవరూ రూపాయివ్వలేదు, ఇల్లు ఆయనది, సామాను మాది. ఆ చీరల్ని మేడమీద ఆరేస్తే రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి... సరే వదిలేయండి.

అందుకే ఇంటికీ సామాన్లకీ ఇచ్చే ఇన్సూరెన్స్ పాలసీ, భారత్ గృహ రక్ష గురించి చదివాను. 2021 ఏప్రిల్ నుంచి ఉందిది. ఇంటికి మనం కొన్న ధర కాదు, మళ్లీ కట్టాలంటే అయ్యే ఖర్చు లెక్కేస్తారు. సామాన్లకి అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు, లిస్టు అడక్కుండానే వచ్చేస్తుంది. నగలు మాత్రం విడిగా చేర్పించుకోవాలి. దొంగతనం కూడా వరదో అగ్నిప్రమాదమో జరిగిన 7 రోజుల్లోపు జరిగితేనే ఇస్తారు, మామూలు దొంగతనానికి వేరే పాలసీ కావాలి. మూడో అంతస్తైనా సరే, తీసుకుంటాం.

ఇంత రాశాక తెలుస్తోంది, నా కోపం ఆ వడ్డీ గురించి కాదు. బ్యాంకు పంపిన ఆ లోన్ ప్రొటెక్షన్ లెక్కలో పేరు ఈయనదొక్కటే ఉంది. లోనిచ్చేటప్పుడు నా పేస్లిప్పులూ అడిగారు, నా ఫారం 16 కూడా అడిగారు, ఈఎంఐలో సగం దాకా నా జీతంలోంచే పోతుంది. మరి నాకేదైనా అయితే ఆ సగం ఎవరు కడతారని ఒక్కరూ అడగలేదు, బ్యాంకూ అడగలేదు, ఈయనా అడగలేదు. ఆడదాని జీతం లోనుకి పనికొచ్చింది, లెక్కలోకి రాలేదు.

అసలు బ్యాంకు వాళ్ల ప్లానే వద్దు. లోన్ తగ్గేకొద్దీ కవర్ తగ్గుతుంది, డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మనిషి పోతే డబ్బిచ్చే మామూలు జీవిత బీమా, అయితే వచ్చే సొమ్ము తగ్గదు, ఇంట్లోవాళ్ల చేతికొస్తుంది, లోన్ తీర్చాలా పిల్ల చదువుకి ఉంచాలా వాళ్లే చూసుకుంటారు. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి దానిమీద జీఎస్టీ కూడా తీసేశారు. ఇద్దరికీ విడివిడిగా తీసుకోవాలి. ఈయన షుగర్ సంగతి ఫారంలో దాచకుండా రాయాలి, ప్రీమియం పెరిగితే పెరగనీ, రేపు క్లెయిమ్ దగ్గర గొడవ రాకూడదు.

రేపు ఇదంతా టిఫిన్ దగ్గరే చెప్పేస్తాను. అత్తయ్య నగలకి ఎంత విలువ వేయాలో మాత్రం ఈయనే అడగాలి, నేనడిగితే బాగోదు.