కానాగంత పేరు ఎక్కడిదాకా వెళ్లిందో

మొన్న ఆదివారం కళింగపట్నంలో చేపలు కొంటుంటే తట్ట ముందు కూర్చున్న అప్ప ఒక కానాగంత తీసి మొప్ప ఎత్తి చూపించింది, లోపల ఎర్రగా ఉంది, "సూడు బావూ, ఈయేల్టి సరుకే" అంది. వీపు మీద పచ్చా నీలం కలిసిన మెరుపు, దాని మీద సన్నటి నల్ల చారలు, పక్క రెక్క దగ్గర ఒక నల్ల మచ్చ. దీని సైన్స్ పేరు రాస్ట్రెల్లిజర్ కనగుర్తా. ఆ రెండో మాట మన తెలుగే.

అది అక్కడికెలా చేరిందంటే, పాట్రిక్ రస్సెల్ అని స్కాట్లాండ్ డాక్టరు, అంతకు ముందు సిరియాలో అలెప్పోలో పనిచేశాడు, 1780ల్లో విశాఖపట్నంలో ఉన్నాడు, 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ని నేచురలిస్టుగా వేసుకుంది. విశాఖలో దొరికిన 200 చేపలకి బొమ్మలు వేయించి 1803లో రెండు సంపుటాలుగా పుస్తకం తెచ్చాడు, చేపలకి ఇక్కడివాళ్లు పిలిచే పేర్లే రాశాడు. ఆ పుస్తకం చూసి ఫ్రాన్స్‌లో కువియే అనే జంతుశాస్త్రవేత్త 1816లో కనగుర్తాకి అదే పేరు ఖాయం చేశాడు. బర్రాకుడా అనే పొడవాటి సముద్రపు చేపల్లో ఒకదాని సైన్స్ పేరులో జెల్లో అని ఉంది, అదీ ఇందులోంచే.

పాముల మీద రస్సెల్ పుస్తకం 1796లో వచ్చింది. ఏ పాము విషం ఎంతో తేల్చడానికి కోళ్లనీ కుక్కలనీ కరిపించి చూశాడు, ఆ కుక్కల సంగతి చదివితే నాకు మనసు బాగోలేదు, కానీ కరిచింది విషప్పామో కాదో తెలియక జనం పోతున్న రోజులవి. అందులో 'కాటుక రేకుల పొడ' అని ఒకటుంది, ఎంత అందమైన పేరో చూడండి, అదే మన రక్తపింజర. మా పొలంలో కోతలయ్యాక పనలు ఎత్తుతుంటే కింద చుట్టచుట్టుకుని కుక్కర్ ఈలలా బుస కొట్టేది ఇదే. లోకమంతా రస్సెల్స్ వైపర్ అంటోంది. కట్లపాముల జాతికి బంగారస్ అని పేరు, అది కూడా మన బంగారు పామే.

నాకు బాధ ఒకటే, రస్సెల్ పేరు పాముకి పెట్టారు, డెకాప్టెరస్ రస్సెల్లి అని చేపకీ పెట్టారు, తెల్లారగట్ల వల లాగి తెచ్చి ఇది కనగుర్త అని చెప్పినవాళ్ల పేరు మాత్రం దేనికీ ఎక్కలేదు.

అప్పకి ఇదంతా చెప్పాను. "మరేటంటారు బావూ, కానాగంతని కానాగంతనే కదా అంటారు" అంది. తట్టలో మిగతావాటి పేర్లు కూడా ఒక్కొక్కటే అడిగి ఫోన్‌లో రాసుకున్నా, కవ్వళ్లు, నెత్తళ్లు, సొర పిల్ల, ఆవిడ ఓపిగ్గా ప్రతిదీ ఎత్తి చూపించి చెప్పింది.