డాబా మీద సోలార్ హీటర్: రాత్రిపూట వేడి ఎటు పోయింది?

పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో, మా డాబా మీద సొంతంగా కట్టుకుంటున్న సోలార్ వాటర్ హీటర్ కబుర్లు ఇవి. 100 లీటర్ల స్టీలు ట్యాంకు, దాని చుట్టూ నాలుగు అంగుళాల మందాన కొబ్బరి పీచు, పీచు మీద రేకు తొడుగు. ప్యానెల్ అంటే నల్లరంగు వేసిన అల్యూమినియం రేకు, దానికి బిగించిన రాగి గొట్టాలు, పైన 4 మి.మీ. అద్దం. దక్షిణం వైపు 30 డిగ్రీల వాలులో పెట్టాను. మన అక్షాంశం పదహారున్నర డిగ్రీలే కానీ, చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు కదా, అందుకని అంత వాలు.

పంపు లేదు. ప్యానెల్లో కాగిన నీళ్ళు తేలికై పై గొట్టంలోంచి ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు అడుగునున్న చల్లటి నీళ్ళు కింది గొట్టంలోంచి ప్యానెల్‌కి దిగుతాయి.

నవంబర్ 24

సాయంత్రం ఆరింటికి 55 డిగ్రీలు. తెల్లారి ఐదింటికి 37. చాలా బాధేసింది. పీచు చాలలేదేమోనని ఇంకో పొర చుట్టాను. రెండు డిగ్రీలు మెరుగుపడింది, అంతే. మబ్బు పట్టిన రాత్రి కాస్త తక్కువ పోతోంది, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి ఎక్కువ పోతోంది. ట్యాంకులోంచే కారిపోతుంటే ఆకాశంతో అంత పనేముంటుంది?

డిసెంబర్ 3

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మావయ్యా, హీటింగ్ ఆపేసి స్నానాల నీళ్ళు మాత్రమే కాచుకుంటున్నా, మేడ మీద గదుల్లో రేడియేటర్లు వేడెక్కిపోతున్నాయి" అన్నాడు. రేడియేటర్లంటే లోపల వేడి నీళ్ళు పారుతూ గదిని వెచ్చబెట్టే పలకలు. అక్కడి పాత ఇళ్ళలో ఒకే బాయిలర్ రేడియేటర్లకీ, స్నానాల నీళ్ళ ట్యాంకుకీ (సిలిండర్ అంటారు) వేడి పంపుతుంది. ఏది ఎటు పోవాలో మోటారు వాల్వు చూసుకుంటుంది. అది సరిగ్గా మూసుకోకపోతే రేడియేటర్లకి వేడి జారిపోతుంది. అందుకని వాల్వుకి అటూ ఇటూ గొట్టం పట్టుకుని చూడమన్నాను. రేడియేటర్ల వైపు గొట్టం చల్లగానే ఉందట! వాల్వు మంచిదే. మరి వేడి ఎక్కడిది? రేడియేటర్‌కి రెండు కొసలా చెయ్యి పెట్టి చూడమంటే, నీళ్ళు బయటికి పోవలసిన కొసే ముందు కాలుతోందన్నాడు. ప్లంబర్ వచ్చి నేలచెక్కలు ఎత్తి చూస్తే సంగతి తెలిసింది. సిలిండర్ నుంచి తిరిగొచ్చే గొట్టాన్ని రేడియేటర్ల రిటర్న్ గొట్టాలన్నీ కలిశాక, బాయిలర్‌కి దగ్గరగా అన్నిటికన్నా చివర కలపాలి. వాళ్ళింట్లో ముందే కలిపేశారు. దాంతో వేడి నీళ్ళు వెనకదారిన రేడియేటర్లలోకి ఎక్కుతున్నాయి.

వెనకదారి అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

డిసెంబర్ 4

తెల్లవారుజామున నాలుగింటికి డాబా ఎక్కాను. అద్దం నిండా మంచు. ప్యానెల్ దగ్గర పై గొట్టం పట్టుకుంటే వెచ్చగా ఉంది, కింది గొట్టం చల్లగా ఉంది. సూర్యుడు పోయి పది గంటలైంది. నీళ్ళు కదలకుండా ఉంటే పై గొట్టం ఎప్పుడో చల్లారాలి. అంటే ట్యాంకు పైభాగంలోని వేడి నీళ్ళు ప్యానెల్లోకి దిగి, ఆకాశానికి వేడి ఇచ్చేసి, బరువెక్కి, కింది గొట్టంలోంచి ట్యాంకు అడుగుకి చేరుతున్నాయి. రాత్రంతా ఇదే తిరగలి.

డిసెంబర్ 5

పొద్దుగూకగానే కింది గొట్టం మీద గేట్ వాల్వు కట్టేశాను. పొద్దున 48. అనుమానం తీరిపోయింది. కానీ ఇది రోజూ చేసే పని కాదు. పొద్దున్న తెరవడం మరిచిపోతే ప్యానెల్లో ఆవిరి కడుతుంది.

డిసెంబర్ 8

కింది గొట్టానికి స్ప్రింగు ఉన్న ఎన్నార్వీ (నీళ్ళని ఒక వైపుకే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు) బిగించాను. మధ్యాహ్నానికి పై గొట్టంలో దబదబమని చప్పుళ్ళు, సాయంత్రం ట్యాంకులో 35. ఎందుకో లెక్క కట్టాను. 60 డిగ్రీల దగ్గర ఘనమీటరు నీళ్ళు 983 కిలోలు, 25 దగ్గర 997. మీటరు ఎత్తుకి ఈ తేడా ఇచ్చే తోపు 14 మి.మీ. నీటి ఎత్తుకి సమానం. స్ప్రింగు తెరుచుకోవడానికి అంతకు ఎన్నో రెట్లు కావాలి. అదే రోజు విప్పేశాను. పంపు లేని హీటర్‌కి స్ప్రింగు వాల్వు పెట్టకండి.

డిసెంబర్ 15

అసలు తప్పు స్టాండుది. 1996 నవంబర్ తుఫాను చూసినవాణ్ణి కాబట్టి, గాలికి భయపడి ట్యాంకుని ప్యానెల్ పక్కనే కిందుగా కూర్చోబెట్టాను. పక్కపక్కన ఉంటే రాత్రి ప్యానెల్లోని చల్లటి బరువు నీళ్ళు కిందికి లాగుతాయి, ట్యాంకులోని వేడి వాటి వెనక వస్తుంది. ట్యాంకు పైన ఉంటే చల్లటి నీళ్ళు కింద ప్యానెల్లోనే పడి ఉంటాయి, వేడివి పైన ట్యాంకులోనే ఉంటాయి, కదలిక ఆగిపోతుంది.

వెల్డింగు షాపులో యాంగిల్ ఇనుముతో కొత్త స్టాండు చేయించి, బరువు పిల్లరు నెత్తిన పడేలా నిలబెట్టి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టాను. ఇప్పుడు ట్యాంకు అడుగుభాగం ప్యానెల్ పై అంచుకన్నా ఒక అడుగు ఎత్తులో ఉంది. పై గొట్టం ఒకచోట వేలాడి గాలి బుడగ నిలబడుతుంటే, క్లాంపులు వేసి ట్యాంకు దాకా ఎక్కుడుగానే ఉండేలా సరిచేశాను.

భోగి

నిన్న సాయంత్రం 56, ఇవాళ తెల్లారి 50. అమ్మ తలంటుకి కాగు కింద కొబ్బరి డొక్కలు పెట్టే పని లేకపోయింది. చేత్తో నీళ్ళు చూసి, చన్నీళ్ళు తొలుపుకోవాలని తనే అంది.

మిగిలింది ఒక్కటే. మా బోరు నీళ్ళు ఉప్పన, రాగి గొట్టాల్లో పొర కడుతుంది. వేసవికి కాలవ కట్టేసేలోపు ట్యాంకు దించి కడిగి, కాలవ నీళ్ళతో నింపాలి.