మంగళవారం విన్న పాట, శనివారం విన్న పాట

న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్‌లోకి వెళ్లాలంటే 15 మెట్లు దిగాలి. ఇరుకు మెట్లు, నిటారుగా ఉంటాయి. నా మోకాళ్ల సంగతి తెలిసిన మా అమ్మాయి ముందు దిగుతూ, ఆగి ఆగి వెనక్కి చూస్తోంది. పైన సెవెంత్ ఎవెన్యూ మీద కార్ల రొద. కింద ఎవరో బాస్ తీగలు శ్రుతి చేసుకుంటున్నారు. శ్రుతి చేసుకునే చప్పుడు ఎక్కడ విన్నా నా అడుగు తొందరపడుతుంది.

అక్టోబర్‌లో రెండు నెలల కోసం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న అమ్మాయి ఇంటికి వచ్చాను. జాజ్ వినడానికి తీసుకెళ్తానని తనే పట్టుబట్టింది. "నువ్వు వయొలిన్ నేర్చుకున్నదానివి కదమ్మా, ఒక్కసారి విను" అంది. నేర్చుకున్నది విజయనగరంలో, పెళ్లికి ముందు, నాలుగేళ్లు. ఆ తర్వాత వాయించింది తక్కువ, విన్నది మాత్రం చాలా ఎక్కువ. అందుకే సరేనన్నాను. ఎడిసన్‌లో రైలెక్కి పెన్ స్టేషన్, అక్కడి నుంచి ఒకటో నంబర్ సబ్‌వే, 14వ వీధిలో దిగి కాస్త నడక.

వాన్‌గార్డ్‌ని 1935లో మాక్స్ గోర్డన్ మొదలుపెట్టారు. మొదట్లో ఇక్కడ కవులు పద్యాలు చదివేవారు, హాస్యగాళ్లు ప్రదర్శనలిచ్చేవారు. 1957 నుంచి పూర్తిగా జాజ్ వేదిక అయింది. గది త్రికోణంలా ఉంటుంది. వెనక వెడల్పు, ముందుకు పోయేకొద్దీ సన్నబడి, ఆ కొసలో వేదిక. వేదిక అంటే మన పెళ్లి మండపంలో సగం కూడా ఉండదు. మొత్తం పట్టేది 120 మందికి కాస్త పైన. గోడల నిండా ఇక్కడ వాయించినవాళ్ల ఫోటోలు. వాయిస్తున్నప్పుడు మాట్లాడకూడదు, ఫోటోలు తీయకూడదు. ఆ రెండు నియమాలూ నాకు చాలా నచ్చాయి.

ఇంకో పద్ధతి కూడా తెలిసింది, ఈ కథకి అదే ముఖ్యం. ఇక్కడ ఒక బృందం వస్తే మంగళవారం నుంచి ఆదివారం దాకా వారమంతా ఉంటుంది. రోజూ ఎనిమిదింటికి ఒకటి, పదింటికి ఒకటి, రెండు కచేరీలు. సోమవారం మాత్రం 1966 నుంచీ ఒక పెద్ద ఆర్కెస్ట్రాది.

మేం వెళ్లింది మంగళవారం. శాక్సఫోన్, పియానో, బాస్, డ్రమ్స్, నలుగురు. రెండో పాటలో బాస్ ఒకే చిన్న వరసని తిప్పి తిప్పి వాయిస్తుంటే డ్రమ్స్ వేగంగా అందుకుంది. శాక్సఫోన్ పైపైకి పరుగులు తీస్తోంది. మధ్యలో ఒకచోట పక్క టేబుల్ దగ్గరున్న పెద్దాయన పెదవులు మూసుకునే నవ్వారు. అదే క్షణంలో ఇంకో నలుగురైదుగురు కూడా నవ్వారు. ఏదో జరిగింది, నాకు అందలేదు. డ్రమ్స్ ఒంటరిగా వాయించిన భాగం సాగదీసినట్టనిపించింది. చివర చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను కానీ, మనసులో ఏదో వెలితి.

బయటికి వెళ్లేటప్పుడు ఆ పెద్దాయన్ని అడిగాను, ఎందుకు నవ్వారని. "ఆటమ్ లీవ్స్ కదా అది, ఆ పాటని ఎక్కడ దాచాడో చూశారా?" అన్నారు. ఆ పాట నాకు తెలియదన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "అయితే నేర్చుకుని రండి. వీళ్లు ఆదివారం దాకా ఉంటారు" అన్నారు.

రైల్లో తిరిగి వస్తూ ఆలోచించాను. త్యాగరాజ కృతిలో ఒక పంక్తికి గాయకుడు సంగతి మీద సంగతి, అంటే అదే పంక్తిని మార్చి మార్చి, వేస్తుంటే మనం "ఆహా" అంటాం. ఎందుకంటాం? మొదటి సంగతి మనకి ఎప్పుడో కంఠతా వచ్చింది కాబట్టి. ఏది ఎక్కడ మారిందో చెవికి తెలుస్తుంది కాబట్టి. కృతి తెలియనివాడు అదే కచేరీలో కూర్చుంటే మంచి గొంతు వింటాడు, అంతే. మంగళవారం ఆ గదిలో నేను అలా కూర్చున్నాను. జాజ్ అర్థం కాలేదని మా అమ్మాయితో అనబోయి ఆగిపోయాను. అర్థం కానిది జాజ్ కాదు, నాకు తెలియనిది ఆ పాట.

బుధవారం పొద్దున్నే వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని పాట పట్టుకున్నాను. నిజానికి అది అమెరికా పాట కాదు. జోసెఫ్ కోస్మా అనే హంగేరియన్ సంగీతకారుడు పారిస్‌లో కట్టిన బాణీ, 1945 నాటిది. జాక్ ప్రెవేర్ ఫ్రెంచ్‌లో మాటలు రాశారు, 1946లో ఒక సినిమాలోకి వచ్చింది. తర్వాత జానీ మెర్సర్ ఇంగ్లిష్ మాటలు రాశాక అమెరికాకి చేరింది. 1955లో రోజర్ విలియమ్స్ పియానో మీద వాయించిన రికార్డు అక్కడ మొదటి స్థానానికి వెళ్లింది. అది విన్నాను. ఆకులు రాలుతున్నట్టు స్వరాలని జలజలా కిందికి దొర్లిస్తారు. నాకు నచ్చలేదు, పాట కంటే వేళ్లే ఎక్కువ వినిపించాయి. ఈవ్ మోంటాన్ ఫ్రెంచ్‌లో పాడినది మాత్రం ఏ అలంకారమూ లేకుండా, దగ్గర కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. దాన్నే పట్టుకుని స్వరాలు రాసుకున్నాను.

సరిగ – ద. నిసరి – ప. దనిస – మ. పదని – గ.

మూడు చిన్న మెట్లు ఎక్కి, నాలుగో స్వరానికి గెంతి, అక్కడ చాలాసేపు నిలబడటం. మళ్లీ ఒక మెట్టు కిందికి దిగి అదే పని. అలా నాలుగుసార్లు. మొదటి మూడింటిలో నటభైరవి రాగం స్వరాలే. నాలుగోదానిలో మాత్రం ధైవతం (ద), నిషాదం (ని) పైకి జరిగి గౌరీమనోహరి రాగంలోవి అవుతాయి. అంతే బాణీ. ఇంత చిన్నదాన్ని ఇన్నేళ్లుగా ఇంతమంది ఎలా కొత్తగా వాయిస్తున్నారు?

దానికి జవాబు బాణీలో లేదు, కింద ఉంది. మనకి తంబుర షడ్జం (స) కచేరీ మొదటి నుంచి చివరి దాకా కదలదు. వీళ్లకి నేల కదులుతుంది. ఈ పాటలో మొదటి మూడు పొడుగు స్వరాల్లో ఒక్కోదాని కిందా రెండు కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, మారతాయి. మొదటి కార్డ్ మీద ఆ స్వరం గాంధారంలా (గ) వినిపిస్తుంది. అది కదలదు, కింద బాస్ కదులుతుంది, అదే స్వరం ఇప్పుడు నిషాదంలా వినిపిస్తుంది. మనం గ్రహభేదం చేసి, అంటే షడ్జాన్ని వేరే స్వరానికి మార్చి, చూపించేది వీళ్ల పాటలో బార్ బార్‌కీ (నాలుగు దెబ్బలకోసారి) జరుగుతోందన్నమాట. ఇది దొరికిన క్షణం స్టవ్ మీద పాలు పెట్టిన సంగతి మర్చిపోయాను.

లెక్క కూడా కట్టాను. పాట మొత్తం 32 బార్లు, ఒక్కోదానిలో నాలుగు దెబ్బలు. ఎనిమిది దెబ్బల మన ఆది తాళంలో 16 ఆవర్తనాలు (చుట్లు). ఆ 32 బార్ల చుట్టు ఒకటి పూర్తయితే దాన్ని ఒక కోరస్ అంటారు. మొదట బాణీ ఒకసారి వాయిస్తారు, అది హెడ్. ఆ తర్వాత బాణీ వదిలేసి, అవే కార్డ్స్ చుట్టూ ఒక్కొక్కరు తమ మనోధర్మంతో, అంటే అప్పటికప్పుడు కల్పిస్తూ, ఎన్ని కోరస్‌లైనా తిరుగుతారు. చివర మళ్లీ హెడ్. చుట్టు ఎక్కడుందో నలుగురికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు.

మా అమ్మాయి ఇంకో రెండు రికార్డులు పెట్టింది. 1958లో శాక్సఫోన్ వాయించే కానన్‌బాల్ ఆడర్లీ చేసినది, అందులో మైల్స్ డేవిస్ ట్రంపెట్. అసలు పాటలో లేని ఒక చీకటి లాంటి వరసతో మొదలవుతుంది, ఆ తర్వాత ట్రంపెట్ ఎంతో పొదుపుగా బాణీలోకి అడుగుపెడుతుంది. రెండోది 1959 డిసెంబర్‌లో పియానిస్ట్ బిల్ ఎవాన్స్ చేసినది. అందులో బాస్ వాయించిన స్కాట్ లఫారో తాళం పట్టి ఊరుకోడు. పియానో ఒక మాట అంటే బదులిస్తాడు, ఒక్కోసారి ముందే అనేస్తాడు. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) కాకుండా పాట మధ్యలోనే మృదంగం గాయకుడితో సంభాషించినట్టు.

గురువారం రాత్రి గిన్నెలు సర్దుతుంటే చెయ్యి ఆగిపోయింది. మంగళవారం ఆ పెద్దాయన నవ్విన చోటు గుర్తొచ్చింది. శాక్సఫోన్ అక్కడ మూడు స్వరాలు దిగి పైకి గెంతింది. గరిస – ద. పాట మొదటి అడుగునే తిరగేసి వాయించాడు! రెండు రోజులు ఆలస్యంగా, న్యూజెర్సీలో ఒక వంటింట్లో, నాకూ నవ్వొచ్చింది.

శుక్రవారం క్వీన్స్‌లోని కరోనా అనే పేటలో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంటికి వెళ్లాం. 1943 నుంచి 1971లో చనిపోయేదాకా ఆయన ఉన్న ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. మామూలు వీధిలో మామూలు ఇటుకల ఇల్లు. వంటిల్లు మాత్రం మెరిసే నీలం. ఇంట్లో ఆయన టేప్ రికార్డర్ పెట్టుకుని కబుర్లూ, సాధనా రికార్డు చేసుకునేవారు, ఆ టేపుల్లోంచి కొన్ని ముక్కలు వినిపిస్తారు. ఇంట్లో ఒక్కరే, పాత రికార్డుతో కలిసి ట్రంపెట్ వాయించుకుంటున్న మనిషి శబ్దం వింటూ నేను చాలాసేపు కదల్లేకపోయాను. తెలిసిన పాటని వాయిద్యగాడు తన సొంత మాటగా మార్చి చెప్పడానికి 1920లలో దారి వేసినవాళ్లలో ఈయనే ముందు. అటు నుంచి ఏడో నంబర్ రైల్లో ఫ్లషింగ్ వెళ్లి, గణేశుడి గుడిలో దర్శనం చేసుకుని, కింద క్యాంటీన్‌లో దోసె తిని వచ్చాం.

శనివారం మళ్లీ అవే 15 మెట్లు. ఈసారి పదింటి కచేరీ. త్వరగా వెళ్లడంతో ముందు టేబుల్ దొరికింది. వేదికని చూస్తూ కూర్చున్నాను. 1961 జూన్ 25న, ఒక ఆదివారం, బిల్ ఎవాన్స్ ముగ్గురి బృందం ఇక్కడే ఐదు కచేరీలు వాయించి రికార్డు చేసింది. ఆ టేపుల్లో గ్లాసుల చప్పుడు, జనం మాటలు కూడా వినిపిస్తాయి. పదకొండు రోజుల తర్వాత లఫారో కారు ప్రమాదంలో పోయాడు. 25 ఏళ్లు. అదే ఏడాది నవంబర్‌లో శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ ఇక్కడ 'ఇండియా' అనే పేరుతో ఒక రచన వాయించారు, రెండు బాస్‌లు పెట్టుకుని. తంబురలా కదలని నేల కోసం ఆయన మన వైపు చూశారు. నేను నాలుగు రోజులుగా వాళ్ల కదిలే నేల కోసం ఇటు చూస్తున్నాను.

ఆ పాట వాయిస్తారో లేదో తెలియదు. ఒక పాట అయింది, రెండు అయ్యాయి, నాలుగు అయ్యాయి. టెన్షన్‌గా ఉంది. ఐదోసారి శాక్సఫోన్ వాయించే అతను ఎవరికీ ఏమీ చెప్పకుండా కళ్లు మూసుకున్నాడు. కాసేపు నిశ్శబ్దం. ఒక్క పొడుగు స్వరం. ఆగాడు. ఒక మెట్టు కింద ఇంకో పొడుగు స్వరం. ఆగాడు.

ద. ప. మ. గ.

"సరిగ" వాయించలేదు. అది నాలో మోగింది. అతను వదిలిన ఖాళీలో నేను పాడాను, గొంతు విప్పకుండా. చుట్టూ చూశాను, ఇంకొందరి తలలు కూడా ఆ ఖాళీల్లోనే ఊగుతున్నాయి. పాటలో సగం అతను మా దగ్గర ఉంచాడు. ఆ మొదటి ఎనిమిది బార్లు రెండోసారి వచ్చినప్పుడు తిరగేశాడు. మూడు చిన్న స్వరాలు మాత్రం ఊది, పొడుగు స్వరం వదిలేశాడు. పియానో దాన్ని అందుకుని, మనం అనుకున్న కార్డ్ మీద కాకుండా ఇంకేదో నీడ లాంటి దాని మీద పెట్టింది. స్వరం అదే. కానీ నాకు ఒళ్లు జలదరించింది.

మంగళవారం వేగంగా పరిగెత్తిన పాట ఇదేనంటే నమ్మడం కష్టం. ఆ రోజు పియానో వెనకే ఉండిపోయింది, ఈ రోజు నాకు అందరికంటే గొప్పగా అనిపించింది పియానో వాయించే ఆమే. మూడు కోరస్‌లు తీసుకుంది. ఒకదానిలో ఎడమ చేయి దాదాపు ఎత్తేసింది. బాస్ ఒక్కటే నేలని మోస్తోంది. నేను మోకాలి మీద ఆది తాళం వేస్తున్నాను, ఆవర్తనాలు లెక్కపెడుతూ. పదహారోది ముగిసి నా అరచెయ్యి పడిన చోటే డ్రమ్స్ వాయించే అతను సింబల్, అంటే ఇత్తడి పళ్లెం, కొట్టాడు. ఒక కోరస్ ముగిసింది. ఆ గదిలో ఆ క్షణం నేను వాళ్లతో పాటే సమం (చుట్టు మొదటి దెబ్బ) మీద ఉన్నాను.

చివర్లో శాక్సఫోన్ బాణీని మొత్తం వాయించాడు, ఒక్కసారి, ఏ మార్పూ లేకుండా. ఇన్ని చుట్లు తిరిగి వచ్చాక ఆ సాదా "సరిగ – ద" అన్నిటికంటే కొత్తగా వినిపించింది. కళ్లు తుడుచుకున్నాను. మా అమ్మాయి చూసి ఏమీ అనలేదు, చెయ్యి పట్టుకుంది.

పైకి వచ్చేసరికి పదకొండున్నర దాటింది. చలి. 14వ వీధి వైపు నడుస్తుంటే, రేపు వీళ్ల ఆఖరి రోజు కదా, రేపు ఎలా వాయిస్తారో అన్నాను. అమ్మాయి ఫోన్ తీసి చూసింది. రెండు కచేరీలకీ టికెట్లు అయిపోయాయి.