కూత ఒకరిది, పేరు ఇంకొకరిది

విజయనగరంలో ఈరోజు అంతర్ కళాశాలల కబడ్డీ పోటీలు. వ్యాయామ అధ్యాపకులందరూ కోర్టుల దగ్గర ఉండటంతో, అర్హత పత్రాలు చూసే పని కామర్స్ చెప్పుకునే నా నెత్తిన పడింది. నిబంధనలు తికమకవేమీ కావు. ఆడేవాడు ఆ కాలేజీలో రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి, వయసు 25 దాటకూడదు, బరువు 85 కిలోలు మించకూడదు. కాటా పక్కనే పెట్టారు.

ఒక జట్టు పత్రాల్లో ఒకచోట ఆగిపోయాను. ఫొటోలోని ముఖమూ ఎదుట ఉన్న ముఖమూ ఒకటే, ఫొటో మీద ప్రిన్సిపాల్ సంతకమూ ఉంది. కానీ పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘ఎడమ ముంజేతి మీద పుట్టుమచ్చ’ అని ఉంది. కుర్రాడి చేయి చూస్తే మచ్చా లేదు, మరకా లేదు. ఆ పుట్టుమచ్చల వివరాలు ఎవరికి పనికొస్తాయా అని ఇన్నాళ్ళూ అనుకునేవాణ్ణి!

ఈ సెమిస్టర్‌లో ఏమేమి సబ్జెక్టులున్నాయని అడిగాను. అతను మేనేజర్ వైపు చూశాడు. మేనేజర్ నా పక్కకు జరిగి, “మాస్టారూ, అందరూ చేసేదే కదా, చూసీ చూడనట్టు వదిలేయండి” అన్నాడు. పేరు కొట్టేశాను.

అతని బదులు బెంచీ మీది రెండో సంవత్సరం పిల్లవాణ్ణి దింపారు. మొదటి కూతకే దొరికిపోయాడు. జట్టు చిత్తుగా ఓడింది. అయినా ఆట చివర్లో ఒక బోనస్ పాయింటు తెచ్చి, కప్పు గెలిచినట్టు చేతులెత్తి గంతులేశాడు. ఆ బయటి కుర్రాడు ఆడి ఉంటే వీడికి ఈ ఏడు కూడా బెంచీయే. దొంగ పేరుతో ఆడించడం ఎదుటి జట్టుకు అన్యాయమని అందరూ అంటారు. నాకు మాత్రం వీడే ముందు కనిపిస్తాడు.

మధ్యాహ్నం టీ దుకాణం దగ్గర ఆ బయటి కుర్రాడే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కోపమేమీ లేదు. డిగ్రీ మధ్యలో మానేశాడట, లారీలకు లోడింగ్ చేస్తాడట. సంక్రాంతికి ఊళ్ళలో జరిగే పోటీల్లో ఎవరు పిలిస్తే వాళ్ళకు ఆడతాడు. “గెలిస్తే నాకు రెండు వేలు, అతనికి సర్టిఫికెట్” అని కంచె దగ్గర ఫోనులో వీడియో తీస్తున్న వాణ్ణి చూపించాడు. పత్రంలో ఉన్న పేరు అతనిదే. రేపు ఆ కాగితంతో క్రీడా కోటాలో దరఖాస్తు పెడతాడు. నిజంగా ఆడినవాడు ఎవడో ఒకడు ఆ జాబితాలో కిందికి జారతాడు.

ఈ మాట చెబితే మా వ్యాయామ అధ్యాపకుడు 2023 సెప్టెంబరు నాటి ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ సంగతి ఎత్తాడు. డోపింగ్ పరీక్షకు నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) అధికారులు వచ్చారని తెలియగానే చాలామంది మాయమై, పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరుగెత్తాడు. వాళ్ళు పారిపోయారు, మనవాడు కనీసం కూర్చుని టీ తాగాడు అని నవ్వాడు.

సాయంత్రం ఇంటికి వస్తూ విజ్జీ స్టేడియం పేరు చదివితే 1936 గుర్తుకొచ్చింది. విజ్జీ అంటే మన విజయనగరం మహారాజకుమారే. భారత క్రికెట్ జట్టు ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్‌గా వెళ్ళి, మూడు టెస్టుల్లో కలిపి చేసినవి 33 పరుగులు. మంచి ఫామ్‌లో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో సగంలోనే ఇంటికి పంపేశారు. ఆ ఏడాదే విజ్జీకి సర్ బిరుదు వచ్చింది. ఇప్పుడు విశ్వవిద్యాలయాల జోనల్ జట్లు ఆడే క్రికెట్ పోటీ కూడా విజ్జీ ట్రోఫీయే. ఆయనకు హోదా ఉంది, ఆ స్థాయి ఆట లేదు. లోడింగ్ కుర్రాడికి ఆట ఉంది, కాగితం లేదు. ఇద్దరిలో నా పెన్ను అందింది ఒక్కడికే. అయినా ఆ పేరు మళ్ళీ కొట్టేయమన్నా కొట్టేస్తాను.

రాత్రి కన్వీనర్ గారి ఫోను. రిపోర్టులో ‘పత్రాలు అసంపూర్ణం’ అని రాస్తే చాలన్నారు. ఒకరి పేరుతో మరొకరు వచ్చారనీ, ఆ ఫొటోను ప్రిన్సిపాల్ ధ్రువీకరించారనీ నేను అప్పటికే రాసి పంపేశాను. సంతకం సంగతి తీసేయమంటున్నారు. తీయనన్నాను. రేపు ఖోఖో. పత్రాలు చూడటానికి నన్ను పిలుస్తారన్న నమ్మకం లేదు.