రెండు షీట్ల మధ్య మా ఏరు

శ్రీశైలం డ్యామ్ లేని కృష్ణను చూడాలంటే 1950ల నాటి మ్యాపు తెరవాలి. ఆలంపురం దిగువన తుంగభద్ర వచ్చి కలిసే చోటు నుంచి శ్రీశైలం కొండల దాకా ఏరు ఇసుక దిబ్బల మధ్య సన్నగా మెలికలు తిరుగుతూ పోతుంది. రెండు గట్ల మీదా చిన్న చిన్న ఊళ్ళు. దక్షిణపు గట్టు మీద, అప్పటి నందికొట్కూరు తాలూకాలో ఉన్న ఒక ఊరు మా తాతది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు కోసం 1981లో ఆ ఊరు ఖాళీ అయింది. పైన మెరక మీద అదే పేరుతో ఇప్పుడు కాలనీ ఉంది. అక్కడివాళ్ళ ఇంటి విషయాలు కొన్ని రాస్తున్నాను కాబట్టి ఊరి పేరు మాత్రం రాయడం లేదు.

ఆ మ్యాపు అమెరికా సైన్యం మ్యాప్ సర్వీస్ వేసింది. యూ502 అనే సిరీస్‌లో మొత్తం భారతదేశానికీ పాకిస్తాన్‌కూ ఇలాంటివి వేశారు. టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ వాటిని స్కాన్ చేసి పెట్టింది, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. స్కేలు 1:2,50,000. అంటే మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు. ఈ లెక్కన ఊరు ఒక చుక్కే. వీధులూ బావులూ కావాలంటే సర్వే ఆఫ్ ఇండియా వారి ఒక అంగుళం షీటు ఉండాలి. అంగుళానికి మైలు చొప్పున గీసింది. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన మా బంధువు ఒకాయన దగ్గర 57 ఐ/5 షీటు జిరాక్స్ దొరికింది. రంగులన్నీ పోయినా గీతలు నిలిచాయి. ఊరి పక్కన ఒక బురుజు గుర్తు, ఊరి చుట్టూ బావుల సున్నాలు, ఏటి దాకా వెళ్ళే కాలిబాట చుక్కల గీత, ఆ గీత చివర ఇంగ్లీషులో రేవు అని చిన్న అక్షరాలు.

ఇలాంటి మ్యాపులు చూసేవాళ్ళు ముందుగా అంచుల్లో ఉన్న రాతలు చదవాలి. 1955లో అచ్చయిన మ్యాపులో ఉన్నది 1955 నాటి ఊరు కాదు. అమెరికా సైన్యం వాళ్ళు మన నేల మీద కొత్తగా కొలతలు తీయలేదు, సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్ల నుంచే ఎత్తి రాసుకున్నారు. ఆ షీట్ల సర్వే అంతకు ఎన్నో ఏళ్ళ ముందు జరిగినది. అంటే నా చేతిలో ఉన్న చుక్కల బాట మా తాత నడిచినదే కాదు, మా తాత వాళ్ళ నాయన నడిచినది కూడా. ఈ సంగతి అర్థమయ్యాక ఆ కాగితాన్ని చూసే పద్ధతే మారిపోయింది నాకు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది ఏటి మధ్యలో సాగే సరిహద్దు గీత. 1956 నవంబరు 1 దాకా అవతలి గట్టు హైదరాబాదు రాష్ట్రం. ఇవతలి గట్టు ముందు మద్రాసు, 1953 నుంచి కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం. మా అవ్వ పుట్టిల్లు అవతల, కొల్లాపురం సంస్థానం నేల మీద. "నైజాం పిల్లను తెచ్చుకున్నారు" అని మా ఇంట్లో పెద్దవాళ్ళు చెబుతుంటే చిన్నప్పుడు ఎక్కడో చాలా దూరం నుంచి తెచ్చుకున్నారని అనుకునేదాన్ని. కాకపోతే తాత ఊరూ అవ్వ ఊరూ ఒకే మ్యాపులో దొరకవు. 16 డిగ్రీల అక్షాంశం దగ్గర షీటు తెగిపోతుంది. దానికి దక్షిణాన ఉన్నదంతా 57వ షీటు, ఉత్తరాన ఉన్నది 56వ షీటు. అమెరికావాళ్ళ మ్యాపులు కూడా అదే గీత దగ్గర తెగుతాయి. రెండు షీట్ల ప్రింట్లు తీయించి, అంచులు కత్తిరించి, జిగురుతో అంటించాను. స్కేలు పెట్టి కొలిస్తే రెండు ఊళ్ళకూ మధ్య మూడు మైళ్ళ చిల్లర. అందులో ఏరు అర మైలు.

అవ్వ చెప్పిన కథలన్నీ ఆ మూడు మైళ్ళలో సర్దుకున్నాయి. అటు రూపాయి వేరు, ఇటు రూపాయి వేరు. అటునుంచి ఏదైనా తెస్తే కరోడ్‌గిరి వాళ్ళు సుంకం అడుగుతారు. 1948లో రజాకార్ల భయం పెరిగినప్పుడు అవ్వ అన్నదమ్ములు పిల్లల్ని తీసుకుని రాత్రికి రాత్రి పుట్టిలో, అంటే గుండ్రటి తెప్పలో, ఏరు దాటి వచ్చారు, పోలీసు చర్య అయ్యేదాకా తాత ఇంట్లోనే ఉన్నారు. చీకట్లో, పసిపిల్లలతో, ఎలా రాగలిగారా అనుకునేదాన్ని. ఆ చుక్కల గీత మీద వేలు పెట్టి రేవు దాకా జరిపితే తెలిసింది. రోజూ నడిచే దారే అది, చీకటి వాళ్ళకు అడ్డు కాదు.

ఆ దారి మీద నడవాలనే మే నెలలో బయల్దేరాను. పేపర్లో రోజూ శ్రీశైలం నీటిమట్టం వేస్తారు. నిండితే 885 అడుగులు. ఎండాకాలంలో అది బాగా కిందికి దిగితే మునిగిన ఊళ్ళ ఆనవాళ్ళు బయటపడతాయి, సంగమేశ్వరం గుడి తేలుతుంది, జనం దర్శనానికి పోతారు. వెళ్ళే ముందు పాత షీటును క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద కూర్చోబెట్టాను. ఇందులో ఒక చిక్కుంది. పాత షీట్లు భూమి ఆకారానికి అప్పట్లో వాడిన ఎవరెస్ట్ గోళం లెక్కతో గీసినవి, మన ఫోన్లలో జీపీఎస్ లెక్క వేరు. మ్యాపులో ఉన్న అక్షాంశ రేఖాంశాలను నేరుగా నమ్మి నడిస్తే వందల మీటర్లు పక్కకు పోతాం. అందుకని అప్పుడూ ఇప్పుడూ కదలనివి పట్టుకోవాలి. నాకు కె.సి. కెనాల్, అంటే కర్నూలు-కడప కాలువ, కలిసొచ్చింది. 1860లలో తవ్విన కాలువ, దాని మలుపులు చాలావరకు అలాగే ఉన్నాయి. కాలువ మలుపులు కొన్ని, రెండు గుట్టల శిఖరాలు, నందికొట్కూరులో రోడ్లు కలిసే చోటు. వీటిని జత చేశాక షీటు సరిగ్గా కూర్చుంది. అప్పుడు ఊరి చుక్క నీలి నీళ్ళ మధ్యలోకి వచ్చి పడింది. ఇంట్లో కూర్చుని చూస్తున్నా గుండె దడదడలాడింది.

కర్నూలు దాకా బస్సు. నందికొట్కూరులో చిన్న మామయ్య జీపు మాట్లాడి పెట్టాడు. ఊరు ఖాళీ చేసేనాటికి ఆయనకు మీసాలొస్తున్న వయసు. పగిడ్యాల దాటాక రోడ్డుకు రెండు వైపులా మొక్కజొన్న కోసిన చేలు, ఎర్రటి ఎండ. ఆయన మ్యాపు ఒళ్ళో పెట్టుకుని కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాడు. నష్టపరిహారం ఎంతో తేల్చిన ఉత్తర్వు, అవార్డు అంటారు, దాని కాపీ కూడా తెచ్చాడు, పాలిథిన్ కవర్లో భద్రంగా. అందులో తాత పేరు మీద ఉన్న సర్వే నంబర్లు, ఒక్కోదాని విస్తీర్ణం, బావికి ఇంత, చింతచెట్టుకు ఇంత అని లెక్క. ఆ అంగుళం షీటులో సర్వే నంబర్లుండవు. కానీ బావి ఉంటుంది. అవార్డులో బావి ఉన్న నంబరు ఒకటే. ఆ బావిని షీటులో గుర్తుపడితే చేను ఎక్కడుండేదో దొరికినట్టే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన ఆయనదే.

కాలనీలో మంచినీళ్ళు తాగి, అక్కడ చేపలు పట్టే ఒకాయన్ను తోడు తీసుకుని కిందికి దిగాం. నీళ్ళు వెనక్కి పోయిన చోట ఒండ్రు నెర్రెలు విచ్చి ఉంది. కాలు వేస్తే పైపెచ్చు విరిగి లోపల ఇంకా మెత్తగా తగులుతుంది. అక్కడక్కడా ఆ తేమ మీదే ఏవో పైర్లు వేశారు. ఫోన్‌లో నీలి చుక్క పాత షీటు మీద మెల్లగా కదులుతోంది. మామయ్య ఫోన్ వైపు చూడలేదు, గుట్టల వైపు చూస్తూ నడిచాడు. "ఆ బోడిగుట్ట, ఈ నల్లగుట్ట ఒకదాని పక్కన ఒకటి వొచ్చినప్పుడు మన ఊరు అమ్మీ" అన్నాడు. రెండు గుట్టలూ పక్కపక్కకు వచ్చేసరికి నా చుక్క బురుజు గుర్తు మీదికి చేరింది.

బురుజు లేదు. పునాది రాళ్ళు గుండ్రంగా, మోకాలెత్తున ఉన్నాయి. "2009 వరదకు ముందు నడుం దాకా కనపడేది సార్, ఆ ఒండ్రు అంతా కప్పేసింది" అని తోడు వచ్చినాయన మామయ్యతో అన్నాడు. బురుజు దొరికాక మిగతాది ఒక్కొక్కటీ తెలిసింది. నాపరాళ్ళ వరస ఒకటి, అది చావిడి అరుగు. దాని ఎదురుగా ఆంజనేయస్వామి గుడి గడప. విగ్రహాన్ని కాలనీకి తీసుకుపోయారు, గడప ఇక్కడే ఉంది. మామయ్య గుడి దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎడమకు తిరిగి, ఒక చోట ఆగి చెప్పులు విడిచాడు. ఇల్లు అని చెప్పడానికి రెండు కడప రాళ్ళ ముక్కలు, రోలు తిరగబడి ఒకటి. ఆయన ఆ రోలు పక్కనే కూర్చుండిపోయాడు. నేను ఫోటోలు తీయడం ఆపేశాను.

కాసేపటికి తనే లేచి "బావి చూద్దాం పా" అన్నాడు. షీటులో ఆ వైపు మూడు బావులున్నాయి. అవార్డులో తాత చేనికి పడమర వాగు అని హద్దు రాసి ఉంది, వాగు పక్కన ఉన్న సున్నా ఒక్కటే. అక్కడికి పోతే ఒండ్రు నిండిన గుంత, చుట్టూ గచ్చు అంచు. గచ్చులో పైసలు నాటే అలవాటు ఉండేదట, గీకి చూశాం గానీ ఏమీ దొరకలేదు. అయినా మామయ్య ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు మోట తోలిన చోటు ఎక్కడుందో అంతవరకూ ఆయనకు తెలియలేదు. ఊరు దొరికేది, ఇల్లు దొరికేది, చేను మాత్రం ఎప్పుడు వచ్చినా దొరకలేదట. చెట్లూ గట్లూ పోయాక చేలన్నీ ఒకటే మైదానం. కాగితం చూపించకపోతే ఎవరూ చూపించలేరు.

రేవు దగ్గర మాత్రం మ్యాపుకూ మామయ్యకూ కుదరలేదు. చుక్కల బాట ఊరికి పడమరగా పోయి ఏరు చేరుతుంది. మామయ్య రేవు తూర్పున. పుట్టి ఎక్కింది, అవ్వతో పోయింది అన్నీ తూర్పు నుంచే అని ఆయన గట్టిగా చెప్పాడు. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. ఆ ఏట్లో ఇసుక దిబ్బలు ప్రతి పెద్ద వరదకూ జరుగుతాయి, లోతు ఎటుంటే పుట్టి అటు వేస్తారు. సర్వే చేసినప్పుడు పడమర రేవు, మామయ్య కాలానికి తూర్పు రేవు. రజాకార్ల కాలంలో వాళ్ళు దిగింది ఏ రేవులో అన్నది చెప్పగలిగిన అవ్వ ఇప్పుడు లేదు.

అక్కడ నుంచి అవతలి గట్టు కనపడుతుంది. ఎండాకాలమైనా మధ్యలో నీళ్ళు చాలా ఉన్నాయి. ఇంజన్ బోటులో దాటిస్తానని తోడు వచ్చినాయన అన్నాడు. మామయ్య ఒప్పుకోలేదు. 2007 జనవరిలో ఇటు గట్టు నుంచి అవతల ఉన్న సింగోటం జాతరకు పోతున్న పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. ఆ పడవలో ఉన్నవాళ్ళు మాలాంటి వాళ్ళే. ఊళ్ళు మునిగినా దేవుడు అవతలే, చుట్టాలు అవతలే. అర మైలు ఏరు కాస్తా సముద్రమంత జలాశయమైతే, దాని మీద అదే పాత దారిలో పోవాలనుకున్నారు. వాళ్ళను తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఊరికి నష్టపరిహారం ఇచ్చారు, బావికి ఇచ్చారు, చింతచెట్టుకు ఇచ్చారు. ఆ బాటకూ రేవుకూ ఏ అవార్డులోనూ పద్దు లేదు. మా అవ్వ 1981 తర్వాత పుట్టింటికి పోయింది చాలా తక్కువ. ఎందుకని ఎవరూ అడగలేదు. మ్యాపు ముందు పెట్టుకుంటే అడగక్కర్లేకుండానే తెలుస్తోంది.

మర్నాడు రోడ్డు మీద వెళ్ళాం. కర్నూలు వచ్చి తుంగభద్ర దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు నుంచి కొల్లాపురం వైపు. పొద్దున బయల్దేరితే చేరేసరికి భోజనాల వేళ దాటింది. దారిలో జటప్రోలు దగ్గర ఆగి, ముంపు నుంచి విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన గుళ్ళు చూశాం. మదనగోపాలస్వామి గుడి రాళ్ళ మీద చెక్కడం ఎంత సన్నని పనో! ఆలంపురంలో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా ఇలాగే తరలించినదే. రాయి రాయికీ గుర్తు పెట్టుకుని గుడిని ఎత్తుకొచ్చిన వాళ్ళ ఓపికకు దండం పెట్టాలి.

అవ్వ పుట్టింట్లో ఇప్పుడు ఉన్నది అవ్వ మేనల్లుడు, మాకు పెదనాన్న వరస. అంటించిన రెండు షీట్లు మంచం మీద పరిచాం. ఆయన ముందు తన ఊరు చూపించమన్నాడు, తర్వాత ఏరు, తర్వాత మామయ్య ఊరు. రేవు సంగతి ఎత్తగానే "రెండు రేవులుండె. వానకాలం పడమటి రేవు, ఎండకాలం తూర్పు రేవు. మా నాయనే పుట్టి ఏసిండు కొన్నేండ్లు" అన్నాడు. మామయ్య ఒప్పుకోలేదు. వానాకాలం అసలు పుట్టి వేసేవాళ్ళే కాదన్నాడు. ఇద్దరూ వాదించుకుంటుంటే లోపల్నుంచి పెద్దమ్మ వచ్చి, 1948లో పిల్లల్ని తీసుకుపోయింది బతుకమ్మకు ముందని అత్తగారు చెప్పేదనీ, అప్పుడు ఏట్లో నీళ్ళు నిండుగా ఉండేవనీ అంది. పెన్ను తీసుకుని రెండు రేవులూ గుర్తుపెట్టాను. వాగు పేరు, మ్యాపులో లేని తోపు, అవ్వ వాళ్ళ చేను, పుట్టి కట్టేసే రాయి, ఇవన్నీ వాళ్ళు చెబుతుంటే షీటు మీద తెలుగులో రాసుకుంటూ పోయాను. 57 ఐ/5 లో ఖాళీ జాగా అయిపోయి 56వ షీటు అంచు దాకా రాశాను. పెదనాన్న కొడుకు ఫోన్‌లో ఫోటో తీసుకుని, తన వాళ్ళందరికీ పంపుతానని, తప్పులుంటే దిద్దమని అడుగుతానని చెప్పాడు. రాత్రికే దిద్దుబాట్లు రావడం మొదలైంది. తోపు ఏటికి ఇంకా దగ్గరగా ఉండేదట.