సపేరె: ఇంగ్లీష్ పక్కన పెట్టి తెలుగులోంచి చూడండి

మాస్టర్స్ కోసం ఇటలీ వెళ్ళే మనవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఒకటే, ఇటాలియన్‌లో సపేరె అనే క్రియని ఇంగ్లీష్ మీదుగా నేర్చుకోకండి. యాప్‌లన్నీ దీన్ని నో (know), కెన్ (can), నో హౌ టు (know how to) అని ముక్కలు చేసి చెప్తాయి, అక్కడే బుర్ర తిరిగిపోతుంది. తెలుగులో అయితే రెండే మాటలు, తెలుసు, వచ్చు. అంతే.

రూపాలు మాత్రం బట్టీ కొట్టాల్సిందే, నేను, నువ్వు, అతను/ఆమె, మేము, మీరు, వాళ్ళు అనే వరసలో సొ, సాయ్, సా, సప్పియామొ, సపేతె, సాన్నొ. రోజూ పనికొచ్చేవి కాబట్టి తొందరగానే నోటికి పట్టేస్తాయి.

"నొన్ లొ సొ" అంటే నాకు తెలీదు. అదే సొ పక్కన ఇంకో క్రియ పెడితే వచ్చు అయిపోతుంది, "సొ న్వొతారె" అంటే నాకు ఈత వచ్చు, "సాయ్ కుచినారె?" అంటే నీకు వంట వచ్చా? మధ్యలో "ఎలా" అనే మాట అక్కర్లేదు, మనం కూడా పెట్టం కదా.

ఇంక పొతేరెతో తేడా, అంటే కుదరడం, వీలవడం అనే క్రియ, నేను అన్నప్పుడు పొస్సొ అవుతుంది. ఇంగ్లీష్‌లో రెండిటికీ కెన్ అనేస్తారు, అందుకే గందరగోళం. కార్ డ్రైవింగ్ బాగా వచ్చు కానీ అక్కడ చెల్లే లైసెన్స్ ఇంకా చేతికి రాలేదనుకోండి, "సొ గ్విదారె, మా నొన్ పొస్సొ" అంటారు, అంటే నడపడం వచ్చు గానీ ఇప్పుడు కుదరదు. ఈత రాకపోతే నొన్ సొ, ఈత వచ్చినా జ్వరంగా ఉంటే నొన్ పొస్సొ. రాదు, కుదరదు అని మనం విడివిడిగానే అంటాం కాబట్టి దీనికి రూల్ ఏమీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు.

తెలుగు దెబ్బకొట్టే చోటు ఒకటుంది. "ఆయన నాకు తెలుసు" అంటాం చూడండి, అక్కడ సొ పనికిరాదు, మనుషులకీ ఊళ్ళకీ కొనోషెరె వాడాలి, "కొనోస్కొ రోమా" (రోమ్ నాకు తెలుసు) అన్నట్టు.

నాకు బాగా నచ్చేది పాస్ట్ టెన్స్. "లొ సపేవొ" అంటే నాకు ముందే తెలుసు, "లొ సపూతొ యేరి" అంటే నిన్నే తెలిసింది. క్రియ అదే, రూపం మారగానే తెలిసి ఉండటం కాస్తా తెలిసిరావడం అయిపోయింది, ఇది ఇంగ్లీష్‌లో చెప్పాలంటే ఫౌండ్ ఔట్ అని వేరే క్రియ ఎత్తుకోవాలి, మనకి తెలుసు, తెలిసింది ఎప్పట్నుంచో ఉన్నాయి.

దీని మూలం లాటిన్‌లో సపేరెనే, రుచి ఉండటం, తెలివి ఉండటం రెండూ ఆ మాటలోనే ఉన్నాయి, హోమో సేపియన్స్‌లో సేపియన్స్ అక్కణ్ణుంచి వచ్చిందే. ఇటాలియన్‌లో ఆ రుచి అర్థం ఇంకా బతికే ఉంది, సూప్‌లో వెల్లుల్లి రుచి తగిలితే "సా ది ఆల్యొ", చప్పగా ఉంటే "నొన్ సా ది న్యేంతె".

ఇంకోటి, "మి సా కె" అని మాటల్లో తెగ వాడతారు. "మి సా కె పియోవె" అంటే నాకెందుకో వాన పడుతోందనిపిస్తోంది. మి అంటే నాకు, అచ్చం మన "నాకనిపిస్తోంది" లాగే, కాబట్టి ఫ్రెండ్స్‌తో ధైర్యంగా వాడేయండి, ప్రొఫెసర్‌కి రాసే మెయిల్‌లో మాత్రం వద్దు, అక్కడ "పెన్సొ కె" (నేను అనుకునేది ఏంటంటే) అని రాయండి.