పోయిన వారం గడి: యాభై ఏళ్ల నాటి రేడియో లిస్టులకు తేదీలు వెతికిన నా అనుభవం

పోయినేడాది అక్టోబరులో మా పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ నన్ను పిలిచి, ఒక పాత బూట్ల డబ్బా చేతిలో పెట్టారు. లోపల పలచటి కాగితాలు, గట్టిగా నొక్కి పెట్టినట్టున్నాయి. "మా ఆవిడవి. పారేయడానికి చేతులు రావడం లేదు. నువ్వేమైనా చేయగలవేమో చూడు" అన్నారు. ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు.

మేముండేది కెనడాలోని విండ్సర్‌లో. నది అవతల ఒడ్డు అమెరికా, డెట్రాయిట్ నగరం. యూనివర్సిటీ వల్ల ఇప్పుడు ఈ ఊరి పేరు మన వాళ్లలో చాలామందికి తెలుసు. కానీ 1970ల మొదట్లో ఈ ఊరి పేరు వేరే కారణంతో వినిపించేది. ఇక్కడి సీకేఎల్‌డబ్ల్యూ రేడియో 800 కిలోహెర్ట్జ్ మీద, 50,000 వాట్ల శక్తితో పాటలు వేసేది. రాత్రి అయితే ఎన్నో రాష్ట్రాల దాకా వినపడేది. స్టేషన్ ఉన్నది కెనడాలో, వినేవాళ్లలో ఎక్కువమంది డెట్రాయిట్‌లో. ఆ స్టేషన్ వారం వారం అచ్చు వేసి రికార్డుల షాపుల్లో ఊరికే పంచిన "బిగ్ 30" లిస్టులే (ఆ వారం పైన ఉన్న 30 పాటల వరుస) డబ్బాలోని కాగితాలు. లెక్కపెడితే 118 ఉన్నాయి. ఆ పెద్దావిడ అప్పుడు హైస్కూలు పిల్ల. తను కొనుక్కున్న రికార్డు పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టుకుంది. కొన్నిటి పక్కన రెండు టిక్కులు ఉన్నాయి. ఎందుకో ఆయనకూ తెలియదు.

వాటిని స్కాన్ చేసి, తేదీల వరుసలో పెట్టి ఆయనకు ఒక పుస్తకంలా ఇద్దామనుకున్నాను. రెండు వారాంతాల పని అని నా అంచనా. ఐదు నెలలు పట్టింది.

మొదటి తప్పు మొదటి రోజే జరిగింది. ఊళ్లో ఒక కాపీ షాపులో, కాగితాన్ని తనంతట తానే లాక్కునే స్కానర్‌లో పెట్టించాను. మూడో కాగితం మధ్యకు చిరిగిపోయింది. యాభై ఏళ్లు భద్రంగా ఉన్నది నా తొందర వల్ల చిరిగిందని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెద్దాయనకు చెబితే "దాన్ని ఆవిడ కూడా ఒకసారి మడతపెట్టి చింపే ఉంటుందిలే" అని తేలికగా తీసుకున్నారు. నేను తీసుకోలేకపోయాను. మర్నాడే గాజు పలక మీద పరిచి తీసే స్కానర్ కొన్నాను. ఒక్కో కాగితం చేత్తో పెట్టి, రెండు వైపులా తీశాను. ఇలాంటి పని ఎవరైనా మొదలుపెడితే నేను చెప్పేది రెండే: టేపు అంటించకండి, లామినేషన్ అసలు చేయించకండి.

అసలు కష్టం తేదీలతో వచ్చింది. చాలా షీట్లకు పై మూల గుండుసూది గుచ్చి గోడకు పెట్టుకున్నట్టుంది, అక్కడే చిరిగిపోయింది. తేదీ ఉండేది కూడా అక్కడే. 118లో 47 షీట్లకు తేదీ లేదు.

నాకు తోచిన దారి సులువుగానే కనిపించింది. అమెరికా మొత్తానికి బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం వేసిన చార్టులు (ఏ పాట ఎన్నో స్థానంలో ఉందో చూపే లిస్టులు) దొరుకుతాయి కదా, ఒక పాట అక్కడ ఏ వారంలో ఎక్కిందో చూసి మన షీటు తేదీ చెప్పేయొచ్చు అనుకున్నాను. అలా నెల రోజులు కూర్చుని 30 షీట్లకు తేదీలు వేశాను. తర్వాత తేదీ చెడకుండా ఉన్న షీట్లతో సరిచూస్తే లెక్క కుదరలేదు. అమెరికా చార్టులో ఇంకా కింద ఉన్న పాట ఇక్కడ అప్పటికే పైన ఉంది. కొన్ని పాటలకు తేడా వారమే, కొన్నిటికి నెల దాటింది. అంటే నేను పెట్టిన తేదీల్లో చాలావరకు వాస్తవం కంటే ఆలస్యం. అన్నీ చెరిపేశాను.

ఎందుకలా అని చదవడం మొదలుపెట్టాక ఈ కాగితాల మీద నాకు గౌరవం పెరిగింది. ఈ స్టేషన్ మ్యూజిక్ డైరెక్టర్ రోసలీ ట్రాంబ్లీ. 1963లో ఇక్కడే టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరి, 1968 నాటికి ఏ పాట వేయాలో నిర్ణయించే స్థానానికి వచ్చారు. అప్పట్లో స్టేషన్ లిస్టు తయారయ్యేది ఇలా: రికార్డుల షాపులకు ఫోన్ చేసి ఏది ఎంత అమ్ముడవుతోందో అడుగుతారు, శ్రోతలు ఫోన్ చేసి ఏది అడుగుతున్నారో రాసుకుంటారు, ఆపైన మ్యూజిక్ డైరెక్టర్ చెవి. ఆవిడ చెవి మీద రికార్డు కంపెనీలకు ఎంత నమ్మకమంటే, ఇక్కడ ఎక్కిన పాట అమెరికా అంతా ఎక్కుతుందని ఎదురుచూసేవి. బ్రిటిష్ గాయకుడు ఎల్టన్ జాన్‌కు తన పాట "బెన్నీ అండ్ ద జెట్స్"ను సింగిల్‌గా (ఆల్బమ్‌లోంచి విడి రికార్డుగా) విడుదల చేయడం ఇష్టం లేదు. డెట్రాయిట్‌లోని నల్లజాతి శ్రోతలు ఆ పాటను అడిగి వింటున్నారని పట్టుకున్నది రోసలీ. 1974లో అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. డెట్రాయిట్ రాక్ గాయకుడు బాబ్ సీగర్ ఆవిడ పేరు మీదే ఒక పాట రాశాడు. 2021లో ఆవిడ చనిపోయారు.

ఇంకో కారణం చట్టం. 1971 జనవరి 18 నుంచి కెనడా ఏఎం స్టేషన్లు వేసే పాటల్లో 30 శాతం కెనడావి అయి ఉండాలని నియమం వచ్చింది. సంగీతం, గాయకుడు, రికార్డింగ్, సాహిత్యం అనే నాలుగింటిలో మొదటి ఏడాది ఒక్కటైనా, 1972 నుంచి రెండైనా కెనడావి కావాల్సి వచ్చేది. డెట్రాయిట్ స్టేషన్లతో పోటీ పడే ఈ స్టేషన్‌కు అది మోయలేని బరువని అప్పట్లో గొడవ జరిగింది. ఆ బరువు వల్లే ఒక మంచి పాట లోకానికి దక్కిందని నా నమ్మకం. స్కైలార్క్ అనే కెనడా బృందం పాట "వైల్డ్‌ఫ్లవర్" కంపెనీ ముందుకు తోసిన పాట కూడా కాదు. కెనడా పాటల కోటా కోసం వెతుకుతూ రోసలీ దాన్ని ఆల్బమ్‌లోంచి తీసి వేశారు. కొన్ని నెలలపాటు ఈ ఒక్క స్టేషనే వేసిందంటారు. 1973లో అది బిల్‌బోర్డ్‌లో 9వ స్థానం దాకా వెళ్లింది. దాని సాహిత్యం రాసింది ఒక పోలీసు ఉద్యోగి, తను ప్రేమించిన నర్సు అమ్మాయి కోసం. పెద్దావిడ ఈ పాట పక్కన రెండు టిక్కులు పెట్టింది. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను.

సరే, బిల్‌బోర్డ్ పనికిరాదు. మరి తేదీలు ఎలా?

దారి చూపింది మా నాన్న. తెనాలికి వీడియో కాల్ చేసి ఈ కాగితాలు చూపిస్తే ఆయన ముఖం వెలిగిపోయింది. బుధవారం రాత్రి ఎనిమిదింటికి రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ నడిపిన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా వింటూ, ఏ పాట ఏ పాయ్‌దాన్ (మెట్టు, అంటే స్థానం) మీద ఉందో నోటు పుస్తకంలో రాసుకున్న మనిషి ఆయన. ఆ కార్యక్రమం కూడా రికార్డుల అమ్మకాలు, శ్రోతల సంఘాల ఉత్తరాలు చూసే వరుస కట్టేది.

"తేదీ లేకపోతే ఏమైందిరా, పోయిన వారం ఎక్కడుందో రాశారు కదా" అన్నారు.

"రాశారు నాన్నా. పక్క గడిలో ఉంది."

"మరింకేం. ఆ గడి ఏ కాగితానికి సరిపోతే అదే దాని ముందు వారం. అంత్యాక్షరి లాగా వెళ్లిపో."

నెల రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నా నాకు తట్టలేదు. ప్రతి షీటులో ఎడమ గడి ఈ వారం స్థానం, దాని పక్క గడి పోయిన వారం స్థానం. పక్క గడిలోని అంకెలన్నీ ఏ షీటు ఎడమ గడితో కలుస్తాయో ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చిన వారాలు. రెండు మూడు పాటలు కలిస్తే యాదృచ్ఛికం కావచ్చు, పాతిక పాటలు కలిస్తే అనుమానం ఉండదు. 118 షీట్లనూ ఎక్సెల్‌లో ఎక్కించడానికి ఆరు వారాలు పట్టింది. రాత్రి పిల్లలు పడుకున్నాక రోజుకు మూడు షీట్లు. మొదటి గొలుసు కలిసిన రాత్రి, పదకొండు వారాలు ఒకదాని వెనక ఒకటి నిలబడితే, ఆ రెండు చివర్లలో తేదీ ఉన్న షీట్లు దొరికాయి. మధ్యలో ఉన్నవన్నీ ఒక్కసారిగా తేదీలు తెచ్చుకున్నాయి.

కొన్ని చోట్ల గొలుసు తెగింది. షీటు పోయిన చోట ఇటూ అటూ కలవదు. అక్కడ వెనక వైపు ప్రకటనలు ఆదుకున్నాయి. ఒక దాని మీద డెట్రాయిట్ కోబో హాల్‌లో కచేరీ ప్రకటన ఉంది, రోజు పేరు, తారీకు ఉన్నాయి, సంవత్సరం లేదు. మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో విండ్సర్ స్టార్ పత్రిక మైక్రోఫిల్మ్ తిప్పి అది ఏ ఏడాదో తేల్చుకున్నాను. అక్కడి లైబ్రేరియన్ ఓపిక నేను మర్చిపోలేను. రీలు ఎక్కించడం, అక్షరాలు స్పష్టంగా కనిపించేలా సరిచేయడం దగ్గరుండి నేర్పింది.

చివరికి 118లో 111కి తేదీలు ఖాయమయ్యాయి. మార్చిలో పుస్తకం కట్టించి పెద్దాయన కొత్త ఇంటికి తీసుకెళ్లాను. తారీకుల వంక ఆయన ఎక్కువసేపు చూడలేదు. పేజీలు తిప్పుతూ టిక్కుల దగ్గర వేలు పెట్టి, ఏ రికార్డు ఎవరి ఇంట్లో విన్నారో, ఏది కొనడానికి ఆవిడ తమ్ముడి పిగ్గీ బ్యాంకు ఖాళీ చేసిందో చెప్పుకుంటూ పోయారు. వింటూ నేను ఆ మాటలు కూడా పెన్సిల్‌తో అంచుల్లో రాశాను, ఆయన అనుమతి అడిగే.

మిగిలిన ఏడు షీట్లూ 1972 చివరికీ 1973 మొదటికీ మధ్యవి. ఆ గొలుసులో నాలుగు వారాలు ఖాళీ. ఆ రోజుల బిగ్ 30 షీటు ఎవరి ఇంట్లోనైనా, ఎవరి పాత పుస్తకంలోనైనా ఉంటే ఫోటో తీసి నాకు పంపండి. అసలు కాగితం అక్కర్లేదు. ఎడమవైపు రెండు గడులు కనిపిస్తే చాలు.